కనకాంబరానికి నీళ్ళు, బిళ్ళగన్నేరుకు ఎండ

హిందూపురం,
9-11-1998

చెల్లెలు నిర్మలకు,

అన్న దేవసహాయం రాసేది. ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగా చెబుతాను. రెండో తేదీన సమాధుల పండుగకు పెనుకొండ వెళ్ళాను. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద లేచి ఒక తీర్మానం వినిపించారు. సమాధుల తోటలో ఇక చోటు లేదు. రాయి లేకుండా, ఎవరూ చూసుకోకుండా పడివున్న మట్టి సమాధులను వచ్చే ఏడు ఇదే పండుగ కాగానే చదును చేసి, కొత్తవారికి ఆ చోటే ఇస్తారు. ఒక్కో కుటుంబం తమ సమాధి ఏదో చూపించి, రాయి నాటుకోవాలి. కుటుంబానికి ఒకటే.

అమ్మది మట్టి సమాధి. నేను పాతిన చెక్క సిలువను చెదలు ఎప్పుడో తినేశాయి. మిగిలింది ఒక చిన్న దిబ్బ, దాని నిండా పల్లేరు. అది చూసినప్పటి నుంచి నాకు మనసు ఒకచోట నిలవడం లేదు.

రాయి చెక్కించడానికి కొంత సమయం పడుతుంది. అంతవరకు ఇది దిక్కులేని సమాధి కాదని తెలియాలి. అందుకని నిన్న ఆదివారం మళ్ళీ వెళ్ళి పల్లేరు పెరికి, మా నర్సరీలో నేనే విత్తనం నుంచి పెంచిన బిళ్ళగన్నేరు నారు తీసుకుపోయి నాటాను. ఏడాది పొడుగునా పూసే మొక్క. నీళ్ళు అడగదు. నేను వెళ్ళగలిగేది ఎప్పుడో ఒక ఆదివారం. దానికి అది చాలు.

నారు గంపలో సర్దుతుంటే మా నర్సరీ మాలి మారప్ప ఊరుకోలేదు. "ఏం సార్, ఆడ పండుకున్నోళ్ళకి గూడా మన నర్సరీ నుంచేనా సప్లయ్యి?" అన్నాడు. నవ్వాను. రైలెక్కాక మాత్రం నవ్వు రాలేదు.

నీకు గురువారం సెలవు కాబట్టి వీలైనప్పుడు ఒకసారి వెళ్ళి చూడు. బావగారిని అడిగినట్టు చెప్పు.

నీ అన్న,
దేవసహాయం


ధర్మవరం,
15-11-1998

అన్నకు, నిర్మల నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం చదివిన రోజు ఆస్పత్రిలో ఒకరికి ఇవ్వవలసిన మాత్ర ఇంకొకరి చేతిలో పెట్టబోయాను. పక్కనున్న సిస్టరు చూసి ఆపింది. అమ్మ పడుకున్నచోట ఇంకెవరికో గుంత తీయడమా! నా బొందిలో ప్రాణం ఉండగా జరగనివ్వను.

కానీ అన్నా, బిళ్ళగన్నేరా? మా రైల్వే క్వార్టర్ల మురికికాలువ పక్కన, రాళ్ళ సందుల్లో అదే. ఎవరూ నాటరు, ఎవరూ కోయరు. అమ్మకు అదా? మన పెరట్లో బట్టలుతికే బండ పక్కన అమ్మ పెంచిన కనకాంబరాలు నీకు గుర్తు లేవా? బాప్తిస్మం తీసుకున్నాక తాను పూలు పెట్టుకోవడం మానేసింది. పెంచడం మానలేదు. సాయంత్రం కాగానే మాల కట్టి వీధిలో ఆడపిల్లలందరికీ తుంచి ఇచ్చేది. ఆ తుంచే వేళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

మా పక్కింట్లో మగ్గం నేసే గంగాదేవి దగ్గర మంచి కనకాంబరం ఉంది. విషయం చెప్పి కొమ్మలు అడిగితే, ఇస్తూ ఇస్తూనే ఒక మాట విసిరింది. "ఏమ్మా నర్సమ్మా, బతికుండంగా మీయమ్మ తలలో ఒక పువ్వు పెట్టనిస్తిరా? ఇప్పుడు మన్నుమీద పెడతాండారా?" తమాషాకే అంది. నేను మాత్రం ఆ రాత్రంతా వాళ్ళ మగ్గం చప్పుడు వింటూ పడుకున్నాను.

కొమ్మలు వేరుపోసుకోగానే తీసుకుపోయి నాటుతాను. నీ పని నీవు చేశావు, నా పని నన్ను చేయనివ్వు.

నీ చెల్లెలు,
నిర్మల


హిందూపురం,
28-11-1998

నిర్మలకు,

నీ పనికి నేను అడ్డురాను. అయితే ఈ రెండు మొక్కల సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేను.

రెండూ ఏళ్ళ తరబడి బతికేవే. అక్కడితో వాటి పోలిక ముగుస్తుంది. బిళ్ళగన్నేరుకు నిండా ఎండ, బీద నేల కావాలి. ఎరువు ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు ఉండదు. నీరు నిలిచిందంటే మొదలు దగ్గర కాండం నల్లబడి కుళ్ళిపోతుంది. ఏటా వానలకు ముందు జానెడు ఎత్తున కత్తిరిస్తే మళ్ళీ గుబురుగా వస్తుంది. అది అడిగే సేవ అంతే.

కనకాంబరం అలా కాదు. మధ్యాహ్నపు ఎండ దానికి పడదు, సగం నీడ ఉండాలి. మాగిన పశువుల ఎరువు వేయాలి. నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి గాని బురద కాకూడదు. వేళ్ళకు నులిపురుగులు పట్టి బుడిపెలు కడితే మొక్క పసుపుబారి కుంగిపోతుంది. నాటేటప్పుడే గుంతలో వేపపిండి కలిపితే కొంత రక్షణ. పూసి ఎండిన కంకులను ఎప్పటికప్పుడు తుంచేయాలి. ఒక్క మాటలో, అది పక్కన మనిషిని కోరే మొక్క. పెనుకొండలో మన మనిషి ఎవరున్నారు?

ఒకే దిబ్బమీద రెండూ బతకవు. ఒకదానికి పోసే నీళ్ళు ఇంకొకదానికి చావు. నీవు నాటితే ఒక కొసన నాటు, నా మొక్కల వైపు నీరు పారకుండా చిన్న గట్టు వెయ్యి.

ఇంకొక మాట. పూలు మానడం అమ్మ తన ఇష్టంతో చేసింది. ఎవరూ మానిపించలేదు. దాన్ని మనం గౌరవించాలనే నా ఆలోచన. అమ్మను పూడ్చిన రోజు నీవు కాన్పై ఆస్పత్రిలో ఉన్నావు. తర్వాత తోట కాపలా ఎల్లప్ప నీకు చోటు చూపించాడన్నావు, అది గుర్తుంది గదా?

నీ అన్న,
దేవసహాయం


ధర్మవరం,
8-1-1999

అన్నకు,

క్రిస్మసు బాగా జరిగింది. పిల్లలకు జలుబులు. మీ బావ గూడ్సు ఆఫీసులో పండుగ రోజు కూడా డ్యూటీయే.

గురువారం పెనుకొండ వెళ్ళి కనకాంబరాలు నాటాను. చోటు గుర్తుందా అని అడిగావు. గుర్తుంది. ఎల్లప్ప పోయాడు గాని, ఇప్పుడు తోట ఊడ్చేది అతని కోడలు సుంకమ్మే. ఆమె కూడా, "ఈడేనమ్మా, మా మామ చూపిచ్చింది ఈడే" అంది. అమ్మ పక్కనున్న పెద్ద సిమెంటు సమాధి నీడ మధ్యాహ్నానికి సరిగ్గా అమ్మమీద పడుతుంది. నీవు చెప్పిన సగం నీడ! వేపపిండి కలిపాను. గేటు దగ్గరి కుళాయి నుంచి బకెట్లతో నీళ్ళు మోశాను. నెలకు ఒకటి రెండు గురువారాలు నేను వెళతాను, మిగతా రోజుల్లో సుంకమ్మ పోస్తానంది.

ఒక్కటి చెప్పాలి, కోప్పడకు. నీ బిళ్ళగన్నేరు అక్కడ ఒక్కటీ లేదు. మేకలు తినేసి ఉంటాయి. పల్లేరు మాత్రం మళ్ళీ మొలిచింది, పెరికేశాను.

నిర్మల


హిందూపురం,
2-2-1999

నిర్మలకు,

మొన్న ఆదివారం పెనుకొండ వెళ్ళివచ్చాను. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను, నాకు పొంతన కుదరడం లేదు.

నా బిళ్ళగన్నేరు మొక్కలు ఉన్నాయి. పూస్తున్నాయి కూడా. మేకలు వాటిని ముట్టవు, ఆకు చేదు. నీ కనకాంబరం మాత్రం ఆ దిబ్బమీద ఒక్క కొమ్మ కూడా లేదు. నాటిన గుంత ఆనవాలూ లేదు.

ఇదంతా నీవు చూసి రాశావా, లేక సుంకమ్మకు కొమ్మలిచ్చి పంపి, ఆమె చెప్పింది రాశావా? డ్యూటీలతో నీకు తీరదని తెలుసు. వెళ్ళలేకపోతే వెళ్ళలేదని రాయి, నేనేమీ అనుకోను.

మరొకటి. రెండు మొక్కలకు మొదలు దగ్గర నలుపు కనిపించింది. ఎవరో నీళ్ళు పోస్తున్నారు. సుంకమ్మ అయితే ఆపమని చెప్పు. ఆదివారాలు ఆమె ఉండదు కాబట్టి నేను చెప్పలేకపోతున్నాను.

దేవసహాయం


ధర్మవరం,
11-2-1999

అన్నకు,

నేను వెళ్ళలేదా? బకెట్లు మోసి నా అరచేతులు కాయలు కాచాయి. అవి నీకు పోస్టులో పంపలేను.

ఈ గురువారం మళ్ళీ వెళ్ళాను. కనకాంబరాలు చిగురు వేశాయి, ఒక కంకి కూడా వచ్చింది. నీ మొక్కలు లేవు. లేనివి ఉన్నాయని ఎందుకు రాస్తావు? పూలు వద్దన్న అమ్మకు చెల్లెలు పూలు నాటిందని నీకు కష్టంగా ఉంటే సూటిగా రాయి. నా మొక్కలు లేవని రాయడం దేనికి? పెరికించాలని ఉందా? అదీ సూటిగా రాయి.

మీ బావ ఈ ఉత్తరం చదివి, "చెట్ల డాక్టరూ మనుషుల నర్సూ కొట్లాడుకుంటే మధ్యలో పేషెంటు గతేమి?" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

నిర్మల


హిందూపురం,
22-3-1999

నిర్మలకు,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాసిన రెండు జవాబులు చించేశాను.

నిన్నటి సంగతి మాత్రం చెబుతాను. మొక్కల్లో సగం పైగా చచ్చిపోయాయి. పెరికి చూశాను: వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. మార్చి నెలలో, పెనుకొండ కొండరాళ్ళు సెగలు కక్కే ఎండలో, ఒక బిళ్ళగన్నేరు నీళ్ళెక్కువై చచ్చిందంటే దానికి ఒక మనిషి చెయ్యి ఉండాలి. ఆ నీళ్ళు పగతో పోసినవని నేను అనడం లేదు. ఎవరు పోశారో అడుగుతున్నాను.

సంఘపెద్ద దారిలో ఎదురయ్యారు. మే నెలలోగా సమాధి చూపించమన్నారు. మనం ఇలా ఉంటే ఎవరు చూపించాలి?

దేవసహాయం


ధర్మవరం,
2-4-1999, శుభ శుక్రవారం

అన్నకు,

ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చాను. ఈ రోజు కోపంతో రాయకూడదు. అందుకే నాకు తెలిసినంత, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను నీళ్ళు పోసేది అమ్మకే. నీ మొక్కలమీద ఒక చుక్క పోయలేదు, ఎందుకంటే అవి నేను చూడనే లేదు. ఇంకొక్క చోట మాత్రం పోస్తాను, అది కూడా చెప్పేస్తాను. కుళాయి పక్కనే ఒక మట్టి దిబ్బ ఉంది. రాయి లేదు, పేరు లేదు. దానిమీద తెల్లటి పూలు, ప్రతి పువ్వు నడుమ బొట్టు పెట్టినట్టు ఎర్రటి మచ్చ. అలాంటివి నేను ఎక్కడా చూడలేదు. బిళ్ళగన్నేరు వంటిదే గాని, మన కాలువ పక్కన పూసే గులాబిరంగుది కాదు. ఎవరి అమ్మో, పిల్లలు దూరాన ఉన్నారేమో, పూలు నాటి నీళ్ళు పోసే తీరిక లేక పోయారేమో అనిపించింది. వెళ్ళిన ప్రతిసారీ చివరి బకెట్టు దానికి కుమ్మరించి వస్తాను. సుంకమ్మతో కూడా రోజూ ఒక చెంబు పొయ్యమన్నాను.

"అదెవరిదో నాకు తెల్దమ్మా," అంది సుంకమ్మ. "ఎవరో ఒకాయప్ప ఆయితారం పొద్దు వచ్చి కూకోని పోతాడంట. నేను యాడ చూసినా? ఆయితారం నేను రాను గదా."

పోయినసారి చూస్తే ఆ మొక్కలు వాడిపోతున్నాయి. ఎండకేమోనని ఇంకో బకెట్టు ఎక్కువ పోశాను.

నిర్మల


హిందూపురం,
7-4-1999

నిర్మలకు,

ఆ తెల్లపూలు నావి.

ఎర్ర మచ్చ ఉన్న ఆ రకం పెనుకొండ తోటలో మరెవరి దగ్గరా ఉండడానికి వీల్లేదు. నవంబరులో నీకు బిళ్ళగన్నేరు అని మాత్రమే రాశాను. రంగు రాయాలని తోచలేదు. నీవు గులాబిరంగు కోసం వెతికావు, నేను నా దిబ్బమీదే నీ కనకాంబరం కోసం వెతికాను. ఆదివారం పొద్దున చచ్చిన మొక్కల దగ్గర కూర్చొని నిన్ను తప్పు పట్టాను. అవి నీ దయవల్ల చచ్చాయి.

నా మొక్కకు నీళ్ళు అక్కర్లేదు కాబట్టి గేటు దగ్గర దిబ్బ చూసుకొని అక్కణ్ణుంచే తిరిగివచ్చాను. ఆ పెద్ద సిమెంటు సమాధి దాటి ఒక్కసారీ లోపలికి పోలేదు. నీ మొక్కకు నీళ్ళు కావాలి కాబట్టి నీవు ప్రతిసారీ కుళాయికి వచ్చి, నా దిబ్బ పక్కనుంచే తిరిగి వెళ్ళావు.

ఇక అసలు సంగతి. మనిద్దరం అమ్మ అనుకొని చూసుకుంటున్నవి రెండు వేర్వేరు సమాధులు.

నాదే సరైనదని రాయబోయి ఆగాను. పూడ్చిన సాయంత్రం వాన. చీకటి పడుతోంది. గోడ నుంచి రెండో వరుస అని మనసులో పెట్టుకున్నాను. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పడగొట్టి లోపలికి జరిపి కట్టారు. నేను కొత్త గోడ నుంచి చూసుకుంటున్నానా, పాత గోడ నుంచా? ఇప్పుడు నాకే తెలియదు.

అమ్మ పోయిన ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా మనం కలిసి వెళ్ళలేదు. ఈ నెల చివరి గురువారం నేను సెలవు పెడతాను. నీవు ధర్మవరం నుంచి దిగు, నేను హిందూపురం నుంచి. పెనుకొండ స్టేషనులో కలుద్దాం.

నీ అన్న


ధర్మవరం,
3-5-1999

అన్నకు,

స్టేషనులో నా రైలు ముందు వచ్చింది. చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే నీ తల ఎంత నెరిసిందో చూశాను.

ఆ రోజు సుంకమ్మ చెప్పింది మనసులోంచి పోవడం లేదు. "ఆ వారం ఊర్లో జరాలు సార్. మా మామ ఆ సిమెంటు సమాధికి ఈపక్క ఒకటి, ఆపక్క ఒకటి రెండు గుంతలు తీసినాడు. ఆయప్పకి కండ్లు గూడా సరిగా ఆనవు. ఈడంటే ఈడే అనుకుంటి. నన్నేం చేయమంటారు?" ఆమెను నేనేం అనగలను? మూడేళ్ళు నేనూ ఆ మాటనే నమ్ముకున్నాను. ఆ రెండో గుంతలో ఎవరిని పెట్టారో సంఘంలో చెప్పగలిగినవాళ్ళు లేరు.

సంఘపెద్ద అన్నమాట నీకు ఎక్కడ తగిలిందో కూడా చూశాను. "ఏమబ్బా దేవసహాయం, ఆకు చూసి చెట్టు రోగం చెప్తావు, అమ్మ యాడుందో తెల్దంటే ఎట్లబ్బా?" నీవు తల దించుకున్నావు. ఆయన నవ్వేశాక కూడా పట్టు వదల్లేదు: కుటుంబానికి ఒకటే, రెండోది చదును చేస్తాం.

అన్నా, దాని గురించి రాత్రింబగళ్ళు ఆలోచిస్తున్నాను. ఒకటి ఎంచుకొని తప్పైతే, మన చేత్తోనే అమ్మను తవ్వించినట్టు. గంగాదేవి దగ్గర ఏడ్చాను. మగ్గం ఆపి, కండెలు చుట్టుకుంటూ ఆమె అంది: "నువ్వు ఆ ఇంటిదానివి యాడ, పెండ్లై వచ్చినంక? నీ ఇంటి పేరు వేరు, రేషను కార్డు వేరు. ఆస్తిలో పాలు పంచేటప్పుడు గుర్తొస్తాది గదా ఈ మాట అందరికీ. ఇప్పుడు నువ్వే గుర్తు చెయ్యి పో!"

ఆమె చెప్పింది నిజం. సంఘం లెక్కలో నీ కుటుంబం ఒకటి, మీ బావ రాజశేఖర్‌గారి కుటుంబం ఒకటి. పెళ్ళైన ఆడపిల్ల వేరింటి మనిషే. కాబట్టి నీవు ఒకటి చూపించు, నేను ఒకటి చూపిస్తాను. రెండు రాళ్ళు నాటుదాం. మీ బావ సంఘపెద్దకు విన్నపం రాసి ఇచ్చారు. నాకు ఆత్రంగా ఉంది, వెంటనే జవాబు రాయి.

నిర్మల


హిందూపురం,
18-10-1999

నిర్మలకు,

సంఘపెద్ద ఒప్పుకున్నట్టు బావగారు తెలిపారు. రాళ్ళు రెండూ సిద్ధమయ్యాయి. గేటు దగ్గరిదానిమీద అమ్మ పేరు, "నారాయణమ్మ" అని చెక్కించాను. లోపలిదానిమీద నీవు కోరినట్టు "అమ్మ" అని మాత్రమే. అలాగైతే అక్కడున్నది ఎవరైనా అబద్ధం కాదన్నావు. నిన్న రాయి కొట్టే అతను ఆ మాట రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు.

గేటు దగ్గర కొత్త బిళ్ళగన్నేరు నారు జూన్‌లోనే నాటాను. ఈసారి దిబ్బ ఎత్తు పెంచి ఇసుక కలిపాను. దయచేసి దానికి ఒక చుక్క కూడా పోయవద్దు, అది ఎంత వాడినట్టు కనిపించినా. ఎండవేళ ఆకు వాలుతుంది, సాయంత్రానికి తనే లేస్తుంది. నీ కనకాంబరం కింది ఆకులు పసుపుబారుతున్నాయి. నేను ఒక మొక్క పక్కన మెల్లగా తవ్వి చూశాను, వేళ్ళకు బుడిపెలు మొదలయ్యాయి. మళ్ళీ వేపపిండి వేశాను. ఆదివారాలు నేను నీళ్ళు పోస్తాను, గురువారాలు నీవు పొయ్యి. జూన్‌లో సెలవు పెట్టి వెళ్ళినప్పుడే సుంకమ్మకు కుళాయి వైపు చెంబు ఆపమని చెప్పాను. "మీరిద్దరూ ఒకేమాట చెప్తే నాకు సుకమప్పా" అంది.

అమ్మ పూలు మానింది గదా, కనకాంబరం ఎందుకని పోయిన ఏడు నేను రాశాను. మాల తుంచి పిల్లలకు ఇచ్చేటప్పుడు అమ్మ ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఇష్టం మాత్రం మానలేదని నీవంటావు. కావచ్చు.

సమాధుల పండుగకు పిల్లలను తీసుకొని రండి. ముందు ఒక దిబ్బ దగ్గర, తర్వాత ఇంకొక దిబ్బ దగ్గర, రెండింటి దగ్గరా కొవ్వొత్తి వెలిగిద్దాం. ఈ రెంటిలో ఒకటి మన అమ్మది కావచ్చు, రెండోది వేరొకరి అమ్మది. పాత గోడ ఎక్కడ నిలబడిందో చెప్పగలిగినవాళ్ళు మిగలలేదు కాబట్టి, అసలు రెండూ మనవి కాకపోనూవచ్చు. అమ్మ ఏ మట్టి కింద ఉందో మనకు తెలియదు.

నీ అన్న,
దేవసహాయం